స్విఫ్ట్ డిక్కీలో 12 అంగుళాల ఊఫర్ (బేస్ స్పీకర్) బాక్సు తీసి 10 అంగుళాల స్లిమ్ ఊఫర్ పెట్టాం: కొలతలు, ఖర్చు, ఏం పోయింది, ఏం వచ్చింది

కారు 2019 స్విఫ్ట్, పెట్రోల్. కస్టమర్ రొయ్యల చెరువుల టెక్నీషియన్. పొద్దున్నే బయల్దేరితే ఆకివీడు, కాళ్ళ, మొగల్తూరు సైడు గట్లన్నీ తిరిగి చీకటి పడ్డాకే ఇంటికొస్తారు, ఒక్కోరోజు చించినాడ బ్రిడ్జి దాటి రాజోలు వైపు కూడా వెళ్ళాల్సొస్తది, అంటే సగం రోజు కార్లోనే గడిచిపోద్ది, పాటల్లేకపోతే ఈ ఉద్యోగం నా వల్ల కాదండి అని ఆయనే చెప్పారు. డిక్కీలో ఎప్పుడూ శాంపిల్ బాటిళ్ళ క్రేటు, ఐసేసిన థర్మాకోల్ పెట్టె, టెస్ట్ కిట్టు, అప్పుడప్పుడూ ఓ 25 కిలోల మేత బస్తానో మినరల్ బస్తానో ఉంటాయి. వీటి మధ్యలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 12 అంగుళాల ఊఫర్ బాక్సు ఒకటి కూర్చుని ఉంది.

ఆయన అడిగింది ఒక్కటే. "డిక్కీ నాకు డిక్కీలాగే కావాలండి, బేస్ మట్టుకు తగ్గకూడదు, పదహారు వేలు దాటితే ఇంట్లో ఒప్పుకోరు." పాలకొల్లులో మా షాపుకొచ్చే పది మందిలో ఎనిమిది మంది ఇదే అడుగుతారు గానీ, డిక్కీలో ఏ సామాను పడుతుందో ఇంత వివరంగా చెప్పేవాళ్ళు తక్కువ. నాకు ముందు కావాల్సింది కూడా అదే. ఏ ఊఫర్ కావాలో తర్వాత చూద్దాం, ముందు మీరు ఎన్ని లీటర్లు వదులుకోగలరో చెప్పండి అంటాను నేను, ఎందుకంటే ఊఫర్ కొనేసి ఆ తర్వాత దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలా అని వెతికే పని ఎప్పుడూ తేడాగానే వస్తది.

స్విఫ్ట్ డిక్కీ కంపెనీ లెక్కలో 268 లీటర్లు. పాత బాక్సు బయటి కొలతలు టేపు పెట్టి చూస్తే 55 సెంటీమీటర్ల వెడల్పు, 36 ఎత్తు, లోతు సగటున 34. మూడూ గుణించి వెయ్యితో భాగిస్తే 67 లీటర్లు. అంటే డిక్కీలో పావు వంతు ఆ బాక్సుదే. పైగా అది పోర్టు ఉన్న బాక్సు, ముందువైపు గొట్టం నోరు ఉంటది కదా, దాని ముందు బస్తా పెడితే గాలి ఆగిపోయి బేస్ చచ్చిపోద్ది, అందుకని అక్కడ ఇంకో జానెడు ఖాళీ వదలాల్సొస్తది, అదీ లెక్కలోకే.

బయటికి తీసి చూస్తే కింద అంచు పూరీలా పొంగిపోయి ఉంది. ఐసు పెట్టె నుంచి కారిన నీళ్ళు కార్పెట్ కిందకి చేరి ఎమ్‌డీఎఫ్ (చెక్కపొడి అతికించి చేసే బోర్డు) పీల్చేసింది. గోరుతో గీస్తే పొడి రాలుతుంది. మన వైపు గాలిలోనే తడి, అందులో ఉప్పునీటి చెరువుల మధ్య తిరిగే బండి, దాంట్లో పెయింటు కూడా వెయ్యని ఎమ్‌డీఎఫ్ బాక్సు రెండు వానాకాలాలు దాటితే గొప్పే. అంచు విడిపోయిన చోట గాలి లీకై బుస్ బుస్ మని శబ్దం, ఆయన దాన్ని ఇన్నాళ్ళూ ఊఫర్ పగిలిందేమో అనుకున్నారంట.

ఊఫర్‌కి పవర్ ఇచ్చే యాంప్ (యాంప్లిఫయర్) సంగతి చూద్దాం. అట్ట పెట్టె మీద వేల వాట్లు రాసుంటది, నేను దాన్ని చదవను, ఫ్యూజులు చూస్తాను. దీనికి 20 ఆంపియర్ల ఫ్యూజులు రెండు, మొత్తం 40. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 వోల్టులు అనుకుంటే లోపలికి వెళ్ళగలిగేదే 550 వాట్లు. అది క్లాస్ ఏబీ యాంప్, దగ్గర దగ్గర సగం వేడిగా పోద్ది, మిగిలేది 280 దాకా, అది కూడా నాలుగు చానెళ్ళకి కలిపి. ఊఫర్‌కి రెండు చానెళ్ళు ఒకటిగా కలిపి (బ్రిడ్జి) ఇచ్చారు కాబట్టి దానికి అందేది 140 వాట్లు, అదీ కరెంటు సరిగ్గా అందితే. అందట్లేదు. మల్టీమీటర్ పెట్టి పాట పెట్టి బేస్ కొట్టినప్పుడు చూస్తే బ్యాటరీ దగ్గర 13.8, యాంప్ టెర్మినల్ దగ్గర 12.1. మధ్యలో 1.7 వోల్టులు ఎక్కడ పోయినట్టు? ఒక ప్రోబ్ యాంప్ ఎర్తు స్క్రూ మీద, ఇంకోటి బ్యాటరీ నెగెటివ్ మీద పెడితే 0.8 చూపిస్తుంది, అంటే సుమారు సగం ఎర్తు దగ్గరే పోతుంది. ఎర్తు వైరు సీటు బెల్టు బోల్టు కింద పెయింటు గీకకుండా బిగించేశారు, రింగు లగ్గుకి పచ్చగా చిలుము పట్టేసింది. మిగతా సగం వైర్‌ది. పైన ప్లాస్టిక్ బొద్దుగా ఉంది గానీ కోసి చూస్తే లోపల తీగ సన్నం, చాకుతో గీస్తే పైన రాగి పూత, లోపల తెల్లగా అల్యూమినియం. రాగితో పోలిస్తే అల్యూమినియం కరెంటుని సుమారు 60 శాతమే మోస్తది, మరి అదే సైజులో పెడితే డ్రాప్ రాక ఏమవుద్ది.

ఇంకోటి కూడా కనబడింది. యాంప్‌ని ఆన్, ఆఫ్ చేసే రిమోట్ వైరు ఎప్పుడూ కరెంటు ఉండే లైనుకి కలిపేసి ఉంది, అంటే కారు ఆపినా యాంప్ ఆగదు. ఆయన బ్యాటరీ మార్చి ఎక్కువ కాలం కాలేదంట, మళ్ళీ పొద్దున్న సెల్ఫ్ లాగట్లేదంటున్నారు. చిన్న కారుకి ఉండేది 35 ఏహెచ్ బ్యాటరీ, రాత్రంతా యాంప్ మేలుకుని ఉంటే అది మాత్రం ఏం చేస్తది.

ఇక ఏం పెట్టాలి అన్న దగ్గర చాలాసేపు మాట్లాడుకున్నాం. సీటు కింద పెట్టే రెడీమేడ్ ఊఫర్లు ఉన్నాయి, యాంప్ లోపలే ఉంటది, డిక్కీ మొత్తం ఖాళీ, సిటీలో ఆఫీసుకి వెళ్ళొచ్చే వాళ్ళకి నేనే అది రికమెండ్ చేస్తాను. ఈయనకి కుదరదు. చెరువు గట్టు దిగి బురద కాళ్ళతో ఎక్కుతారు, మ్యాట్ల కింద ఎప్పుడూ తడే, అక్కడ కరెంటు సామాను పెట్టి వారం తిరక్కుండానే పాడైందంటే నేనేం చెప్పను. పైగా వీటి పెట్టె అరచెయ్యంత ఎత్తే ఉంటది కాబట్టి ఆయన అడిగే లోతు రాదు. స్టెప్నీ రింగులో ఇమిడే ఊఫర్లు కూడా వస్తున్నాయి, ఐడియా చాలా బాగుంటది, స్టెప్నీ ఎక్కడిదక్కడే ఉంటది, కానీ రేటు బడ్జెట్ దాటేసింది, గట్ల మీద తుమ్మ ముళ్ళకి పంక్చర్లు ఎక్కువ కాబట్టి టైరు మార్చినప్పుడల్లా ముందు ఊఫర్ ఊడదియ్యాలి. చక్రం పైన సైడు గూట్లో ఫైబర్‌తో అచ్చు పోసి బాక్సు చేయిస్తే చూడ్డానికి కంపెనీదేమో అనిపిస్తది, మా దగ్గర ఆ పని వచ్చినోడు ఉన్నాడు కూడా, కానీ కూలే ఎనిమిది తొమ్మిది వేలు లేస్తది. పదహారు వేలలో సగం బాక్సుకే పోతే పాట దేంతో వినాలి.

మిగిలింది వెనక సీటు వీపు. సీటు వీపు నిటారుగా ఉండదు, పైన డిక్కీ వైపు వాలి ఉంటది, అందుకని కింద సీటుకీ సామానుకీ మధ్య ముక్కోణంలా ఒక ఖాళీ ఎప్పుడూ మిగిలిపోద్ది, చదరపు పెట్టె ఏది పెట్టినా ఆ జాగా వేస్టే. ఆ వాలుకి సరిపోయేలా ఒక వైపు ఏటవాలుగా బాక్సు చేస్తే, మనం వాడుకునేది చాలా వరకు ఎలాగూ పనికిరాని చోటే. టేపు, వాలు కొలిచే బెవెల్ పెట్టి కొలిచి గీస్తే వచ్చింది ఇది: వెడల్పు 60, ఎత్తు 36, కింద లోతు 18, పైన లోతు 11, అన్నీ సెంటీమీటర్లు, బయటి కొలతలు. 18 ఎమ్ఎమ్ చెక్క మందం తీసేస్తే లోపల 56.4 వెడల్పు, 32.4 ఎత్తు, సగటు లోతు 10.9. అది సుమారు 20 లీటర్లు. లోపల అడ్డు చెక్క, ఊఫర్ మాగ్నెట్ తినే జాగా కలిపి ఇంకో రెండు తీసేస్తే 18 లీటర్లు నికరం.

ఇప్పుడు చేతిలో నంబరు ఉంది, 18. ఇక్కడ చాలా మంది అడిగేది, అన్నా పాత 12 బాగానే ఉందిగా, దాన్నే ఆ చిన్న బాక్సులో పెట్టేస్తే పోలా అని. పోర్టు బాక్సు కోసం చేసిన 12 అంగుళాల ఊఫర్ మామూలుగా 45, 50 లీటర్లు అడుగుతది, సీల్డ్ (పోర్టు లేకుండా పూర్తిగా మూసేసిన బాక్సు) అయితే 28 నుంచి 35. దాన్ని 18లో కుక్కితే లోపలి గాలి గట్టి స్ప్రింగులా అయిపోయి కోన్‌ని కదలనివ్వదు, అడుగున ఉండే బేస్ తగ్గిపోయి 60, 70 హెర్ట్జ్ దగ్గర ఒకటే మోత మోగినట్టు బొయ్య్ బొయ్య్ మంటది, ఏ పాట పెట్టినా డప్పు ఒకటే. అదే 10 అంగుళాల సీల్డ్‌కి 17 నుంచి 23 లీటర్లు, 8 అంగుళాలకి 9 నుంచి 14 సరిపోతాయి. కాబట్టి 18 లీటర్లంటే 10, వేరే మాట లేదు. లోతు తక్కువ కాబట్టి స్లిమ్ రకం తీసుకోవాలి, మామూలు 10 అంగుళాల ఊఫర్‌కి 14 సెంటీమీటర్ల దాకా లోతు కావాలి, స్లిమ్‌వి 8, 9లో అయిపోతాయి.

మేం తీసుకున్న ఊఫర్ కాగితం మీద నంబర్లు: ఎఫ్ఎస్ (ఊఫర్ సహజంగా మోగే ఫ్రీక్వెన్సీ) 36 హెర్ట్జ్, క్యూటీఎస్ (కోన్ కదలిక ఎంత అదుపులో ఉందో చెప్పేది) 0.52, వాస్ (కోన్ స్ప్రింగు గట్టితనానికి సమానమైన గాలి) 22 లీటర్లు, ఆపకుండా మోయగలిగే పవర్ 300 వాట్లు ఆర్‌ఎంఎస్. కొనే ముందు వీటిలో మొదటి మూడు నంబర్లు లేని ఊఫర్ అయితే నేను పక్కన పెట్టేస్తాను, ఎంత మెరిసినా సరే. లెక్క సింపుల్. వాస్‌ని బాక్సు లీటర్లతో భాగించి ఒకటి కలిపి దానికి వర్గమూలం తియ్యాలి: 22 భాగించి 18 అంటే 1.22, ఒకటి కలిపితే 2.22, మూలం 1.49. దీంతో క్యూటీఎస్‌ని గుణిస్తే 0.77, ఎఫ్ఎస్‌ని గుణిస్తే 54 హెర్ట్జ్. మొదటిది 0.7 దగ్గర్లో ఉంటే బేస్ ఒద్దికగా, నోట్ నోట్ విడిగా వినబడుద్ది, 1 దాటితే బూమింగ్ మొదలవుద్ది. 0.77 నాకు నచ్చే చోటు, మన పాటలకి ఆ కొంచెం నిండుదనం ఉంటేనే బాగుంటది. లోపల దిండ్లలో పెట్టే ఫైబర్ దూది వదులుగా నింపితే ఊఫర్‌కి బాక్సు ఇంకొంచెం పెద్దదైనట్టు అనిపిస్తది, అది ఉచితంగా వచ్చే లాభం.

మరి 54 కింద బేస్ ఉండదా అంటే, ఇంట్లో అయితే ఉండదు, కార్లో ఉంటది. చిన్న కారు లోపల గాలి తక్కువ, మూసి ఉన్న డబ్బా, అరవై డెబ్బై హెర్ట్జ్ నుంచి కిందకి వెళ్ళేకొద్దీ కారు క్యాబినే బేస్‌ని పెంచుకుంటూ పోద్ది, సీల్డ్ బాక్సు అదే చోట నుంచి తగ్గుకుంటూ పోద్ది, రెండూ కలిసి దాదాపు సమానంగా వస్తది. హ్యాచ్‌బ్యాక్‌లో సీల్డ్ పెట్టమని నేను పట్టుబట్టేది ఇందుకే. డిక్కీ వేరుగా మూసి ఉండే సెడాన్ అయితే కథ వేరు.

ఊఫర్‌ని బాక్సు మధ్యలో కాకుండా కిందకి జరిపాం. కింద లోతు ఎక్కువ, సెంటర్ దగ్గర లోపల 11 సెంటీమీటర్ల పైనే దొరికింది, మాగ్నెట్ వెనక గాలి కన్నానికి రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి, లేకపోతే ఊదినట్టు శబ్దం వస్తది.

చెక్క విషయంలో మాత్రం నేను రాజీ పడలేదు. సౌండ్‌కి ఎమ్‌డీఎఫ్ మంచిదే, కాదనను, కానీ ఐసు పెట్టె పక్కన ఉండే బాక్సుకి ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే వాడాం. డబ్బులు ఎక్కువైతాయి కదా అంటే, 60 వెడల్పు బాక్సుకి పట్టే ముక్క ఎంతని, షీటు మొత్తం అక్కర్లేదు, మా వీధిలో ద్వారబంధాలు చేసే మేస్త్రీ దగ్గర మిగిలిన ముక్కలోంచే కోయించాం, ఏటవాలు అంచు కూడా ఆయన మిషన్ మీదే కరెక్టుగా తీశాడు. జిగురు, స్క్రూలు, లోపల మూలలన్నిటికీ సిలికాన్, లోపలా బయటా వుడ్ ప్రైమర్. సిలికాన్ ఆరేటప్పుడు పులుపు వాసనొస్తది చూడండి, ఆ ఆవిరి ఊఫర్ రబ్బరుకీ జిగురుకీ మంచిది కాదు, అందుకని ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చాకే ఊఫర్ బిగించాలి. బాక్సు కింద రబ్బరు బుషులు పెట్టి అర అంగుళం పైకి లేపాం, నీళ్ళు కారినా కిందనుంచి పోతాయి.

లీకు చూసే పద్ధతి మా షాపులో పాతదే. 25 హెర్ట్జ్ టోన్ చిన్న సౌండులో పెట్టి అగరుబత్తి వెలిగించి అంచుల వెంబడి, టెర్మినల్ చుట్టూ తిప్పుతాం. ఎక్కడైనా పొగ వణికితే అక్కడ గాలి పోతున్నట్టు. ఈ బాక్సులో టెర్మినల్ కప్పు దగ్గర వణికింది, గాస్కెట్ పెట్టి బిగిస్తే ఆగింది. కస్టమర్ దాన్ని వీడియో కూడా తీసుకున్నారు, ఊఫర్‌కి పూజ చేస్తున్నారేంటండి అని నవ్వారు.

ఊఫర్ ముందు స్టీల్ జాలీ తప్పనిసరి, బస్తా ఒక్కసారి ఒరిగిందంటే కోన్ చిరుగుద్ది. జాలీకి కోన్‌కి మధ్య కనీసం రెండు సెంటీమీటర్లు ఉండాలి, బేస్ కొట్టినప్పుడు కోన్ ముందుకొచ్చి తగలకూడదు. బిగించడానికి డిక్కీ ఫ్లోర్‌కి డ్రిల్ పెట్టొద్దు అని కుర్రాళ్ళకి ఎప్పుడూ చెప్తుంటాను, కింద పెట్రోల్ ట్యాంకు, పైపులు ఎక్కడున్నాయో కారు కిందకి దూరి చూడకుండా కన్నం పెడితే ప్రాణం మీదకొస్తది. ఇక్కడ ఉన్న బోల్టు పాయింట్లకే పట్టీలు వేసి, వింగ్ నట్లతో బిగించాం, వైరుకి కప్లర్ పెట్టాం. సీటు మడిచి పీవీసీ పైపులు వేసుకోవాలన్న రోజున ఆయనే స్పానర్ లేకుండా బాక్సు తీసి ఇంట్లో పెట్టుకోవచ్చు. మ్యాట్ కూడా బాక్సు ముందు నుంచి మడిచి లేపేలా కోశాం, స్టెప్నీకి అడ్డం లేదు.

కొత్త యాంప్ మోనో (ఒకటే చానెల్), క్లాస్ డీ, 2 ఓమ్స్ దగ్గర 300 వాట్లు, ఫ్యూజు 30 ఆంపియర్లు. చూశారా, 40 ఆంపియర్ల పాతదాని కంటే 30 ఆంపియర్ల ఇది ఊఫర్‌కి ఎక్కువిస్తది, ఎందుకంటే ఇందులో 80 శాతం దాకా పాట అవుద్ది, వేడి తక్కువ. ఊఫర్‌కి 4 ఓమ్స్ కాయిల్స్ రెండు, ప్యారలల్‌లో కలిపితే 2. ఎవరైనా 2 ఓమ్స్ కాయిల్స్ రెండున్నవి తెచ్చి ప్యారలల్ చేస్తే 1 అవుద్ది, ఈ యాంప్ అది మొయ్యలేదు, ప్రొటెక్షన్‌లోకి పోద్ది, కొనేటప్పుడు అది చూసుకోండి. యాంప్‌ని బాక్సు మీద బిగించమని అడుగుతారు, నేను బిగించను, ఎప్పుడూ అదురుతా ఉంటే లోపల సోల్డర్లు వదిలేస్తాయి. సైడు ప్యానెల్‌కి చిన్న ప్లై పట్టీ వేసి ఎత్తులో పెట్టాం, నీళ్ళకి అందదు.

వైరుకి రెడీమేడ్ కిట్టు కొనలేదు. మన ప్రాంతంలో ఒక సుఖం ఉంది, చెరువుల మీద ఏరియేటర్ మోటార్లు, పంపులు ఇన్ని ఉంటాయి కాబట్టి చిన్న ఊళ్ళో కూడా ఎలక్ట్రికల్ షాపులో అసలైన రాగి ఫ్లెక్సిబుల్ వైరు మీటర్ల లెక్కన దొరుకుద్ది. 10 స్క్వేర్ ఎమ్ఎమ్ తీసుకున్నాం, ఐదు మీటర్లకి 30 ఆంపియర్లు లాగినా డ్రాప్ పావు వోల్టు పైన కొంచెమే. ఇంజిన్ దగ్గర గొట్టంలో వేసి, బ్యాటరీకి జానెడు దూరంలో మెయిన్ ఫ్యూజు, రేకు కన్నం దాటే చోట రబ్బరు గ్రామెట్. ఫ్యూజు యాంప్‌కి కాదు, వైరుకి. వైరు ఎక్కడైనా రేకుకి రాసుకుని షార్ట్ అయితే కారు తగలబడకుండా ఆపేది అదే. ఎర్తు చోట పెయింటు ఇసుక కాగితంతో గీకి రేకు తెల్లగా మెరిసేదాకా తీసి, తగరం పూసిన లగ్గు వేసి, బిగించాక పైన వాజ్‌లీన్ పూశాం. ఉప్పుగాలికి చిలుము రాకుండా. అయ్యాక మళ్ళీ మీటర్ పెడితే బేస్ కొట్టినప్పుడు రెండు చోట్లకీ తేడా 0.4 లోపే. రిమోట్ వైరు తాళం తిప్పితేనే వచ్చే లైనుకి మార్చాం.

స్టీరియో కంపెనీదే, మార్చలేదు. యాంప్‌కి హై లెవెల్ ఇన్‌పుట్ ఉంది కాబట్టి వెనక స్పీకర్ల లైను నుంచి కప్లర్‌తో సిగ్నల్ తీసుకున్నాం, ఒరిజినల్ వైరు ఒక్కటి కూడా కొయ్యలేదు. ఇంకో చిన్న పని చేశాం, దీని మీద జనం డబ్బు పెట్టరు గానీ నాకైతే మొత్తం పనిలో రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. ముందు డోర్ స్పీకర్లు చిన్న కాగితం కోన్‌వి, లోతు బేస్ వాటితో ఆడిస్తే తడబడి గొంతు కూడా చెడగొడతాయి. ఒక్కో డోరుకి 220 మైక్రోఫారడ్ నాన్ పోలార్ కెపాసిటర్లు రెండు ప్యారలల్‌గా కలిపి సిరీస్‌లో వేశాం, మొత్తం 440, 4 ఓమ్స్ స్పీకర్‌కి సుమారు 90 హెర్ట్జ్ కింద తగ్గించేస్తది. రెండు డోర్లకీ కలిపి రెండొందలు కాలేదు. డోర్లు బేస్ వదిలేసి పాట పాడటం మొదలెట్టాయి, బేస్ ఊఫర్ చూసుకుంటది.

యాంప్ మీద ఉండే గెయిన్ మర స్టీరియో సిగ్నల్‌కి యాంప్‌ని సరిపెట్టడానికి, అది వాల్యూమ్ కాదు అని ఎన్నిసార్లు చెప్పినా ఇంటికెళ్ళాక ఆ మర తిప్పేవాళ్ళు ఉంటారు, అందుకే మేం సెట్ చేశాక మార్కు పెడతాం. పద్ధతి ఇది: ఊఫర్ వైర్లు యాంప్ నుంచి తీసేసి, బేస్ బూస్ట్ సున్నా, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు, 50 హెర్ట్జ్ టోన్ పెట్టి మల్టీమీటర్ ఏసీ వోల్టుల్లో యాంప్ అవుట్‌పుట్ చూడాలి. కావాల్సిన వాట్లని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే వోల్టులు. 300 వాట్లు, 2 ఓమ్స్ అంటే 600, మూలం 24.5. నేను 22 దగ్గర ఆపాను, అది 240 వాట్లు. తేడా చెవికి తెలియదు, వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెట్టింపు అనిపించాలంటే 10 డెసిబెల్స్ కావాలి. కానీ ఊఫర్‌కి మాత్రం ఆ ఖాళీ ప్రాణం. లో పాస్ (దీనికి పైనున్న శబ్దాన్ని ఊఫర్‌కి పోనివ్వని ఫిల్టర్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాం. ఫేజ్ స్విచ్ (కోన్ ముందుకి కదలాలా వెనక్కి కదలాలా మార్చేది) 0లో ఒకసారి, 180లో ఒకసారి పెట్టి డ్రైవర్ సీట్లో కూర్చుని డప్పు బాగా ఉన్న పాట విన్నాం, 180లో దెబ్బ ముందు నుంచి వస్తున్నట్టు గట్టిగా అనిపించింది, అలాగే వదిలేశాం. దీనికి రూలేం లేదు, కారు కారుకీ మారుద్ది.

తర్వాత గలగలలు. 30 నుంచి 100 దాకా టోన్ మెల్లగా పెంచుకుంటూ పోతే ఏది ఎక్కడ వణుకుతుందో దానంతట అదే చెప్పుద్ది. నంబర్ ప్లేటు, పార్సిల్ ట్రే, స్టెప్నీ గూట్లో వదులుగా ఉన్న జాకీ. ప్లేటు వెనక ఫోమ్ ముక్కలు, ట్రే అంచుకి ఫెల్ట్ టేపు, జాకీ పాత గుడ్డలో చుట్టాం, డిక్కీ డోర్ రేకు లోపల బ్యూటిల్ డ్యాంపింగ్ షీటు నాలుగు ముక్కలు. శాంపిల్ బాటిళ్ళు మాత్రం గలగలలాడతానే ఉంటాయి, అది ఆయన వృత్తి, నేనేం చెయ్యలేను.

ఖర్చు చెప్తాను. ఊఫర్ 6,200, యాంప్ 6,800, వైరు ఫ్యూజు కప్లర్లు లగ్గులు కెపాసిటర్లు అన్నీ కలిపి 2,000, ప్లై కార్పెట్ జాలీ సిలికాన్ 1,900, డ్యాంపింగ్ 800, కూలి 2,500. మొత్తం 20,200. పాత ఊఫరూ యాంపూ ఇంకో కుర్రాడికి 4,500కి వెళ్ళిపోయాయి, బాక్సు మాత్రం పొయ్యిలోకే. ఆయన జేబు నుంచి పోయింది 15,700. బడ్జెట్ బిగుతుగా ఉన్నప్పుడు ఎక్కడ తగ్గించాలి అంటే ఊఫర్‌లో వెయ్యి తగ్గించుకోండి గానీ వైరులో తగ్గించొద్దు.

ఫలితం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కొత్త బాక్సు బయటి కొలత 31 లీటర్లు, పాతది 67. నేల మీద లోతు 34 నుంచి 18కి దిగింది, ఐసు పెట్టె, క్రేటు పక్కపక్కన కూర్చుని బస్తాకి కూడా జాగా ఉంది. వినడానికి, డప్పు దెబ్బ టక్కున పడి టక్కున ఆగుతుంది, బేస్ గిటార్ నడక వినబడుతుంది, సీట్లో వీపుకి తెలుస్తుంది. పోయింది ఏంటంటే కారు బయటికి వినబడే ఆ బొంయ్ మనే మోత. పోర్టు బాక్సు 45, 50 హెర్ట్జ్ దగ్గర ఒక్క చోట గట్టిగా అరుస్తది, 12 కోన్ వైశాల్యం కూడా 10 కంటే ఎక్కువే, ఆ ఒక్క నోట్‌లో పాతదే గట్టి. ఆయన బావమరిది వచ్చి తలుపులు తీసి రోడ్డు మీద నించుని, "బావా, సౌండ్ తగ్గిపోయింది, మోసం చేశారు" అన్నాడు. లోపల కూర్చోబెట్టి తలుపులేసి అదే పాట పెట్టాం. "లోపలైతే బానే ఉంది" అన్నాడు, ఒప్పుకున్నట్టూ కాదు, ఒప్పుకోనట్టూ కాదు. సంక్రాంతికి తీర్థంలో తలుపులు తీసి మోగించాలి అనుకునేవాళ్ళకి ఈ సెటప్ చెప్పను, వాళ్ళకి పోర్టు బాక్సే, డిక్కీ మీద ఆశ వదులుకోవాలి అంతే.

వానాకాలం అయ్యాక సర్వీసుకి తెచ్చినప్పుడు బాక్సు ఊడదీసి చూశాం. ప్లై అంచులు గట్టిగా ఉన్నాయి, ఎర్తు మెరుస్తూనే ఉంది, జాలీ స్క్రూలు రెండు తుప్పు పట్టాయి, వాటిని స్టెయిన్‌లెస్‌వి వేశాం. సెల్ఫ్ గొడవ మళ్ళీ రాలేదు.

సీఎన్‌జీ సిలిండర్ ఉన్న కార్ల వాళ్ళు కూడా ఇదే అడుగుతున్నారు ఈ మధ్య. వాళ్ళకి సీటు వీపు వెనక జాగా ఉండదు, సిలిండర్ అక్కడే ఉంటది. దాని స్టాండ్‌కి గానీ పట్టీలకి గానీ ఏదీ బిగించకూడదు, పవర్ వైరు గ్యాస్ పైపు వైపు కాకుండా రెండో గుమ్మం వైపు నుంచి తీసుకురావాలి, వాల్వు ఎప్పుడూ చేతికి అందేలా ఉండాలి. మిగిలే మూలలో 10, 12 లీటర్లు దొరికితే 8 అంగుళాల సీల్డ్, 150 వాట్ల యాంప్, డోర్లకి అవే కెపాసిటర్లు. అంత కూడా దొరక్కపోతే, కార్లో బురద పడనివాళ్ళయితే సీటు కింద రకమే తీసుకోండి. సిలిండర్ మీద బాక్సు పెట్టమంటే మాత్రం నేను పెట్టను, వేరే షాపులో పెట్టినా ఎక్కొద్దు.